పోలండ్ రాజు పటం కింద కోసిన ముక్క

1999వ సంవత్సరం. మెల్‌బోర్న్ పడమటి వైపు సన్‌షైన్‌లో, రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఒక పటాలు కట్టే షాపు. యజమానురాలు జోన్ అనే తెల్లావిడ. భర్త పోయాక ఆమె ఒక్కతే నడుపుతుండేది. ముందు గదిలో ఆమె కస్టమర్లతో మాట్లాడి జాబ్ కార్డు రాసేది. వెనక గదిలో నేను కొయ్య కోసి, అద్దం బిగించి, మేకులు కొట్టేవాణ్ణి. నా పేరు మహబూబ్ బాషా. కర్నూల్లో ఇరవై ఏడేళ్లు ఇదే పని చేశాను. మా అమ్మాయి, అల్లుడు పిలిపించుకుంటే ఇక్కడికి వచ్చాను. ఇంట్లో ఊరికే కూర్చుంటే తిన్నది అరగక, ఈ పనిలో చేరాను.

ఆ ఏడాది మా షాపులో ఇంగ్లీషు ఎంత వినపడేదో తెలుగూ అంతే వినపడేది. వైటూకే అని ఒకటి వచ్చింది. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాపానికి రెండు వేలు రాగానే కంప్యూటర్లన్నీ తిక్కపడతాయట. దాన్ని సరిచేయడానికి మన పిల్లలు విమానాల నిండా దిగారు. ఒక్కొక్కరూ రెండు మూడు సర్టిఫికెట్లు, ఒక వెంకటేశ్వర స్వామి ఫొటో పట్టుకొచ్చేవాళ్లు. "అంకుల్, శుక్రవారానికి స్వామి రెడీ అయిపోవాలి" అనేవాళ్లు. స్వామి ఎప్పుడూ రెడీనే, ఆలస్యమంతా నాదే అనేవాణ్ణి.

పటం కట్టడమంటే నాలుగు కర్రలు అతికించడం అనుకుంటారు. కాదు. ఫ్రేము లోపలి అంచున చిన్న మెట్టులాగా చెక్కి ఉంటుంది, దాన్ని రిబేట్ అంటారు. అద్దం, బొమ్మ, వెనక అట్ట, మూడూ ఆ మెట్టులో కూర్చోవాలి. బొమ్మ చుట్టూ కిటికీలాగా కోసి పెట్టే మందపు అట్టను మౌంట్ అంటారు. అది ఉంటే బొమ్మ అద్దానికి అంటుకోదు. వెనక అట్ట పలచనిదైతే లోపల బొమ్మ కదులుతుంది. అప్పుడు అంచుల వెంబడి కాగితం ముక్కలు పెట్టి బిగిస్తాం. దాన్ని ప్యాకింగ్ అంటారు. ఈ ప్యాకింగ్ అనే మాటను గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఇంకో మాట చెప్పాలి. అప్పట్లో చెప్పడానికి సిగ్గుపడేవాణ్ణి. నాకు అప్పటికి చదువు రాదు. ఏ భాషలోనూ రాదు. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు, ఇక్కడ కొంచెం ఇంగ్లీషు, అన్నీ నోటితోనే. అంకెలు మాత్రం బాగా వచ్చు. జాబ్ కార్డులో పొడవు, వెడల్పు, కొయ్య నంబరు చూసుకుంటే నా పని జరిగిపోయేది. ఆ అంకెల కింద జోన్ రాసే రెండు మూడు వరుసలు నాకు చీమల బారు. నాకు చదువు రాదని ఆమెకు తెలియదు. నేను తెలియనివ్వలేదు.

కర్నూల్లో మా అంగడికి వచ్చినవాటిలో ముప్పాతిక క్యాలెండర్ బొమ్మలే. ఏడాది తిరిగాక తేదీల కాగితాలు చింపేసి, పైన ఉన్న లక్ష్మీదేవినో రాములవారినో మక్కా మసీదునో పట్టుకొచ్చేవాళ్లు. బొమ్మ కింద మూడు నాలుగు వేళ్ల మేర ఏ బట్టల షాపు పేరో, ఏ విత్తనాల షాపు పేరో అచ్చేసి ఉంటుంది. దేవుడి కాళ్ల కింద అంగడి పేరు ఉండకూడదని దాన్ని కోసేయడం ఆచారం. ఎవరూ చెప్పరు. చెప్పకుండానే కోయాలి. కోయకపోతే, "ఏమప్పా బాషా, సామికి బోర్డు తగిలిచ్చినావే" అని ఎగతాళి చేసేవాళ్లు. ఇరవై ఏడేళ్లు చేయి అట్లా అలవాటుపడింది. బొమ్మ కింద అక్షరాలు కనబడితే నా కత్తి దానంతట అదే అక్కడికి పోయేది.

అక్టోబరులో ఒక ముసలాయన రేకు గొట్టం ఒకటి చంకలో పెట్టుకొని వచ్చాడు. పేరు తాదెక్. పోలండ్ మనిషి. పదహారేళ్లప్పుడు మేనమామతో ఓడలో వచ్చి ఇక్కడి ఫ్యాక్టరీల్లో బతుకంతా పనిచేశాడు. ఊపిరితిత్తులు చెడిపోయి, నాలుగు మాటలకు ఒకసారి ఆగి గాలి పీల్చుకునేవాడు. జోన్ నన్ను ముందుకు పిలిచింది. "బాషా, ఈ కాగితం చాలా పాతది. నువ్వే విప్పు" అంది.

మెల్లగా విప్పి నాలుగు మూలలా బరువులు పెట్టాను. మూడడుగుల వెడల్పున్న రంగుల అచ్చు. ఎప్పటిదో పెద్ద చిత్రానికి నకలు. ఒక ఊరి నడిబజారు. మెట్ల మీద ఎర్ర తివాచీలు, పైన సింహాసనం, బంగారు అంగీలో రాజు. ఆయన ముందు కవచం తొడుక్కున్న మనిషి ఒకడు మోకాళ్ల మీద ఉన్నాడు. చుట్టూ జెండాలు, రాణి, దొరలు, చూడటానికి ఎగబడిన జనం. ఒక్కో మొహానికి ఒక్కో కథ ఉన్నట్టు గీశాడు.

"ఆ వంగినాయన ఎవరు?" అని అడిగాను.

"జర్మన్ల వైపు దొర. మా రాజుకు లోబడి ఉంటానని ఒట్టు వేస్తున్నాడు. నాలుగు వందల డెబ్బై ఏళ్ల కిందటి మాట. మాకు అదే బంగారు కాలం."

"ఈ బొమ్మ అప్పటిదేనా?"

"కాదు, కాదు. అసలు చిత్రం గీసి నూరేళ్లు దాటింది, అంతే. గీసినప్పుడు పోలండే లేదు. పక్కనున్న మూడు రాజ్యాలు ముక్కలు చేసి పంచుకున్నాయి. మ్యాపులో మా పేరే లేదు."

"లేని దేశానికి ఇంత పెద్ద దర్బారా?"

"ఉన్నప్పుడు ఎవరు గీస్తారు?" అన్నాడు.

నాకు ఆ మాట నచ్చింది. "మా సీమలో కూడా విజయనగరం రోజుల్లో రత్నాలు రాశులుగా పోసి వీధుల్లో అమ్మారని చెప్తారు" అన్నాను.

"నువ్వు చూశావా?"

"నేను చూసింది కరువే."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. జోన్ నీళ్లు ఇచ్చింది. తేరుకున్నాక, మెట్ల దగ్గర ఎర్ర బట్టలు వేసుకొని కూర్చున్న మనిషి మీద వేలు పెట్టాడు. అంత సంబరంలో వాడొక్కడే దిగులుగా ఉన్నాడు. "వీడు ఆస్థానంలో హాస్యగాడు. రాజును నవ్వించడమే వీడి పని" అన్నాడు.

"నవ్వించేవాడి మొహం ఇట్లా ఉందేం?"

"తక్కినవాళ్లంతా ఈ రోజును చూస్తున్నారు. వీడికి రేపు కూడా కనబడుతోంది."

క్రిస్మస్ అయ్యాక ఆయన ముసలివాళ్ల హాస్టలుకు మారిపోతున్నాడట. అక్కడి గదిలో గోడకు ఒక్క పటం తగిలించుకోనిస్తారు. అది ఇదే కావాలన్నాడు. నేను వెనక గదికి వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆయన జోన్‌తో ఏం మాట్లాడాడో నాకు తెలియదు. ఆమె అదంతా కార్డు మీద రాసింది.

రెండు వారాల తర్వాత ఆ పని చేతికి తీసుకున్నాను. బొమ్మ కింద మూడు వేళ్ల తెల్ల అంచు ఉంది. అందులో ఏదో అచ్చు, దాని కింద బారుగా పెన్సిల్ రాతలు. పిల్లల చేతుల్లో పడి పాడైంది పాపం అనుకున్నాను. కోసేశాను. నాలుగు వైపులా సమంగా మౌంట్ పెట్టి, నల్ల కొయ్యకు సన్నటి బంగారు గీత ఉన్న ఫ్రేములో బిగించాను. ఆ ఏడాది చేసిన పనుల్లో అంత అందంగా కుదిరింది ఇంకోటి లేదు.

డిసెంబరు మొదట్లో తాదెక్ వచ్చాడు. పటం బల్ల మీద నిలబెట్టి నేను పక్కన నిలుచున్నాను, మెచ్చుకుంటాడని. ఆయన కళ్లు రాజు మీద పడలేదు. నేరుగా కిందికి పోయాయి.

"కింద ఉన్నది ఏది?" అన్నాడు.

"మురికిగా ఉంది. కోసి శుభ్రం చేశాను."

ఆయన కుర్చీ కోసం చేత్తో వెతుక్కున్నాడు. జోన్ కుర్చీ జరిపి, కార్డు తీసుకొచ్చి నా ముందు పెట్టింది. "బాషా, ఇక్కడ రాశాను కదా. కింది అంచు ముట్టుకోవద్దని కింద గీత కూడా గీశాను. చదవలేదా?"

నేను కార్డు వైపు చూశాను. చీమల బారు కింద ఒక గీత ఉంది, నిజమే.

"చదవడం రాదు" అన్నాను. ఈ దేశంలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

జోన్ కార్డును వెనక్కి లాక్కుని బోర్లా పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. తాదెక్ మెల్లగా, ఆగి ఆగి చెప్పాడు.

యుద్ధంలో జర్మన్లు వాళ్ల ఊళ్లో పోలిష్ బడులు మూసేశారు. అప్పుడు ఆయనకు ఏడేళ్లు. జర్మన్ దొర వాళ్ల రాజు ముందు వంగిన బొమ్మ ఇంట్లో దొరికితే ప్రాణానికే ముప్పు. తల్లి ఆ బొమ్మను ఫ్రేములోంచి తీసి, చుట్టి, పిండి డబ్బా వెనక దాచింది. కాగితం దొరకని రోజులు. మధ్యాహ్నం పూట తలుపులు వేసి, ఆ బొమ్మ పరిచి, దాని కింది అంచులో పెన్సిలుతో కొడుక్కి అక్షరాలు నేర్పింది. ఎడమ వైపు ఆమె రాసిన అక్షరమాల. మధ్యలో ఆమె రాతను చూసి కొడుకు దిద్దినవి. కుడి చివర కొడుకు సొంతంగా రాసినవి. యుద్ధం ముగిసేలోపే ఆమె జబ్బు చేసి పోయింది. ఫొటో లేదు, ఉత్తరం లేదు. ఆమె చేతిది ఈ లోకంలో మిగిలింది ఆ మూడు వేళ్ల కాగితమే.

"రాజును నువ్వు కోసి పారేసినా నేను ఏమీ అనకపోదును" అన్నాడు.

చెత్తబుట్ట వైపు పరిగెత్తాను. కాగితాల చెత్తబండి వారాల కిందటే దాన్ని ఖాళీ చేసి పోయింది. ముక్కల పెట్టె బోర్లించాను, లేదు. జోన్ కూడా నేల మీద కూర్చొని ఒక్కో ముక్క తిప్పి చూసింది. అప్పుడు నా చేతులకు గుర్తొచ్చింది, తలకు కాదు. పాతకాలపు మందపు కాగితం, పారేయడానికి మనసొప్పలేదు. దాన్ని మూడు ముక్కలు చేశాను. ఒక ముక్క మీద జిగురు కుంచె తుడిచి పారేశాను. రెండు ముక్కలు ఆ రోజే కడుతున్న ఇంకో పటంలో ప్యాకింగ్‌గా పెట్టాను. అది ఎవరి పటమో కూడా గుర్తొచ్చింది. పెద్ద వెంకటేశ్వర స్వామి. సుజాత అనే గుంటూరు అమ్మాయిది.

జోన్ ఆ అమ్మాయి కార్డులో అడ్రసు చూసుకుని, షాపు మూసేసి మా ఇద్దర్నీ తన కారులో ఎక్కించుకుంది. దారి పొడుగునా తాదెక్ ఊపిరి చప్పుడే వినపడింది.

జోన్ కారులోనే ఉండిపోయింది. తలుపు తీసింది సుజాత. "బాషా అంకుల్! ఏంటండీ, ఈ టైములో? రండి, రండి" అంది. తాదెక్‌ను చూసి కొంచెం వెనక్కి తగ్గింది. నేను చెప్పులు విప్పితే ఆయన కూడా బూట్లు విప్పాడు. హాల్లో ఆమె భర్త రవి కంప్యూటర్ ముందు ఉన్నాడు. వైటూకే టెస్టింగ్ అని ఆదివారాలు కూడా పనిచేసి, దొరికిన సెలవు రోజున ఇంట్లోనూ అదే చూస్తున్నాడు.

విషయం చెప్పాను. తువ్వాళ్లు పెట్టుకునే కబోర్డును వాళ్లు పూజగది చేసుకున్నారు. మధ్యలో నేను కట్టిన స్వామి. బొట్టు పెట్టి, పూలు పెట్టి, దీపం వెలిగించి ఉంది.

రవి లేచి నిలబడ్డాడు. "అంకుల్, సీరియస్లీ? పూజలో పెట్టిన పటం విప్పుతారా? మా అమ్మకి తెలిస్తే ఏమంటుందో తెలుసా? అసలే జనవరి ఫస్ట్‌కి ఏమవుద్దోనని నేను రోజూ స్వామికి దండం పెట్టుకుంటున్నా. ఇప్పుడు ఆయన్నే కదిలిస్తే?"

"నిజమే నాయనా" అన్నాను. "అడగకూడని మాటే. నా తప్పుకు మీ ఇంటికి వచ్చాను."

సుజాత తాదెక్ వైపు చూసింది. ఆయనకు మా మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. కబోర్డు ముందు, బడిలో మాస్టారు పిలుస్తాడేమోనని నిలబడ్డ పిల్లవాడిలాగా నిలబడ్డాడు. మేజోళ్లలోంచి ఒక బొటనవేలు బయటికి వచ్చి ఉంది.

"అమ్మ చేతిరాత అంటున్నారు కదండీ" అంది ఆమె భర్తతో. "మనింట్లో స్వామి వెనకాల ఇంకొకళ్ల అమ్మని దాచిపెట్టుకుని, రోజూ దండం పెట్టుకుంటామా? అత్తయ్యగారికి నేను చెప్తా. అంకుల్, మీరు కట్టారు, మీరే విప్పండి."

"బోర్లా పడుకోబెట్టాలమ్మా. వెనక వైపు నుంచి తీయాలి."

"స్వామిని బోర్లానా? కుదరదు."

చివరికి రవి పటాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించి నిటారుగా పట్టుకున్నాడు. స్వామి మొహం అతని వైపు, వీపు నా వైపు. నేను మోకాళ్ల మీద కూర్చొని వెనక టేపు కోశాను.

"డౌన్‌టైమ్ ఎంతసేపు అంకుల్?"

"పది నిమిషాలు."

"మా మేనేజర్ కూడా అదే చెప్తున్నాడు" అన్నాడు. అయినా చేతులు కదలనివ్వలేదు.

మేకులు ఒక్కొక్కటే లాగి, అట్ట దించాను. ఎడమ అంచున ఒక ముక్క. కుడి అంచున ఇంకో ముక్క. రెండూ పెట్టినట్టే ఉన్నాయి. సన్నటి పెన్సిలు గీతలు. ఫ్రేము పట్టుకున్నప్పుడు నా వేలికి అంటిన కుంకుమ ఒక ముక్క మూలకు తగిలింది. తుడవబోతే తాదెక్ నా చేయి పట్టుకొని ఆపాడు. అదే మొదటిసారి ఆయన నన్ను ముట్టుకోవడం.

ముక్కల్ని భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఆయన వాటిని ముట్టుకోలేదు. పైన గాలిలో వేలు కదిలించాడు, ఒక్కో అక్షరం మీదుగా. పెదాలు కదిలాయి. సుజాత కాఫీ తెచ్చి బల్ల దాకా రాకుండా దూరంగానే నిలబడింది.

"మూడోది?" అని అడిగాడు చివరికి.

"పోయింది. నేనే పారేశాను" అన్నాను.

ఆయన రెండు ముక్కలూ మళ్లీ చూశాడు. తల్లి రాసిన ఎడమది, చూసి దిద్దిన మధ్యది. పోయింది కుడి చివరది. "ఆమెది ఉంది" అన్నాడు. "పోయింది నాదే. నాది నేను మళ్లీ రాసుకోగలను."

వారం తర్వాత షాపుకు వచ్చాడు. నేను కొత్త మౌంట్ కోసి ఉంచాను. పైన బొమ్మకు పెద్ద కిటికీ, కింద రాతలకు పొడుగాటి చిన్న కిటికీ. మూడో ముక్క స్థానంలో అదే మందం కాగితం ఖాళీగా పెట్టాను. జోన్ పెన్సిల్ చెక్కి ఇచ్చింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, నాలుక కొస పంటి కింద పెట్టుకుని రాశాడు. ఏడేళ్ల పిల్లవాడి రాతే వచ్చింది. నాలుగో అక్షరం దగ్గర ఆగి, తల్లి రాసిన ముక్క వైపు తలెత్తి చూసి, మళ్లీ వంగి రాశాడు.

అయ్యాక పెన్సిల్ నా వైపు చాచాడు. "నువ్వు కట్టావు. వెనక అట్ట మీద నీ పేరు రాయి."

"రాదని చెప్పాను కదా."

"అందుకే ఇస్తున్నాను" అన్నాడు. నా వేళ్ల మీద తన వేళ్లు వేసి నా పేరులో మొదటి అక్షరం రాయించాడు. ఇంగ్లీషు ఎమ్. రెండు కొండల్లాగా ఉంది. యాభై నాలుగేళ్లకు నేను రాసిన మొదటి అక్షరం అది.

రెండు వేలు వచ్చింది. కంప్యూటర్లకు ఏమీ కాలేదు. రవి స్వామికి కొబ్బరికాయ కొట్టి ప్రసాదం షాపుకు తెచ్చాడు. జోన్ ప్రతి ఉదయం జాబ్ కార్డులు నాకు పైకి చదివి వినిపించేది. ప్రతి గురువారం పని అయ్యాక నేను హాస్టలుకు వెళ్లేవాణ్ణి. గోడ మీద ఆ పటం, దాని కింద మేమిద్దరం. ఏడాదిన్నర నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పి ఆయన పోయాడు. తర్వాత తెలుగు నేర్పింది సుజాత. వాళ్ల పాపకు ఓనమాలు దిద్దించే బల్ల దగ్గరే నన్నూ కూర్చోబెట్టింది. ఆ పాప ఇంగ్లీషులో నవ్వేది. నేను తెలుగులో తిట్టేవాణ్ణి.

ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కోసే ముందు, ఇదేమిటని అడగండి. శుభ్రంగా ఉన్నదంతా విలువైనది కాదు, గీకినదంతా చెత్త కాదు. నాకు ఆ సంగతి తెలియడానికి ఒక మనిషి బాల్యం ఖర్చయింది.

ఇప్పుడు మేము మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉంటున్నాం. మా హాల్లో మక్కా మసీదు పటం ఒకటి ఉంది. పెళ్లయిన కొత్తలో మా అమ్మ కోసం నేనే కట్టాను. కర్నూల్లో ఒక బట్టల అంగడివాళ్లు ఇచ్చిన క్యాలెండర్ బొమ్మ అది. రంజానుకు ముందు బట్టలు కొనడానికి మా అమ్మ నన్ను చేయి పట్టుకుని తీసుకుపోయిన అంగడి. మెట్ల మీద కూర్చోబెట్టి, బెల్లం ముక్క చేతిలో పెట్టేది. ఆ అంగడి పేరు ఏమిటో మొన్నటి నుంచి గుర్తుచేసుకుంటున్నాను. రావడం లేదు. అడుగుదామంటే చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

కళ్లజోడు పెట్టుకుని పటం దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు నాకు చదవడం వచ్చు. కింద ఏమీ లేదు. చాలా శుభ్రంగా కోశాను.